తూమెడు యవలు

సోమవారం పొద్దున తొమ్మిదింటికి మా భోజనాల బల్ల మీద రెండు బైబిళ్ళు, ఒక గ్లోబు, తడిపిన పేపర్ టవల్‌లో చుట్టిన ఇరవై బార్లీ గింజలు ఉన్నాయి. పెద్దాడు ఇంగ్లీషు బైబిల్లో రూతు గ్రంథం రెండో అధ్యాయం పైకి చదువుతున్నాడు. రెండో వచనం దగ్గరే ఆగిపోయి, "అమ్మా, గ్లీన్ అంటే ఏంటి?" అన్నాడు.

కోత అయిపోయాక చేలో రాలి మిగిలిన కంకులు ఏరుకోవడం అని చెప్పాను. వాడు తలూపాడు. ఆ తలూపడం నాకు బాగా తెలుసు. అర్థమైతే వాడు ఇంకో ప్రశ్న అడుగుతాడు. అర్థం కాకపోతేనే తలూపి ఊరుకుంటాడు.

వంటింట్లో గోంగూర కట్టలు విప్పి ఆకు తుంచుతున్న మా అత్తయ్య అక్కడినుంచే అన్నారు. "పరిగె ఏరడమేగా నాన్నా? చిన్నప్పుడు మేం ఏరాంగా."

నేను గుంటూరులో పుట్టి పెరిగాను. సండే స్కూల్లో రూతు కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. భర్త చనిపోయినా అత్త నయోమిని వదలకుండా మోయాబు నుంచి బేత్లెహేము వచ్చి, బోయజు అనే ఆసామి చేలో కంకులు ఏరుకున్న కోడలి కథ అది. "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అని కంఠతా చెప్పి స్టీలు గిన్నె బహుమతి కూడా తెచ్చుకున్నాను. అయినా పరిగె అన్నది బైబిల్లో మాత్రమే ఉండే మాట అనుకున్నాను, "ఏలయనగా" లాగా. ఎవరైనా నిజంగా చేలోకి దిగి, నడుం వంచి ఏరతారని, పన్నెండేళ్ళుగా నేను అత్తయ్యా అని పిలుస్తున్న మనిషే అలా ఏరారని నాకు తెలియదు. ఈ వారం సంగతి రాయాలని కూర్చున్నది అందుకే.

కొత్తగా చదివేవాళ్ళకి మా గురించి కొంచెం చెప్పాలి. మేం డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటాం. పెద్దాడికి 10 ఏళ్ళు, చిన్నిదానికి 7. మూడేళ్ళుగా ఇద్దర్నీ ఇంట్లోనే చదివిస్తున్నాం. బంధువుల్లో కొందరు ఇప్పటికీ ఫోన్ చేసి "పిల్లల్ని బడి మాన్పించారంట కదా" అని అడుగుతుంటారు, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేనట్టు. టెక్సాస్‌లో హోమ్‌స్కూల్ అంటే చట్టం దృష్టిలో అదీ ఒక ప్రైవేట్ స్కూలే. ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో ఆ మాట తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదూ నిజాయితీగా నేర్పాలి. ఎక్కడా రిజిస్టర్ చేయించుకోనక్కర్లేదు, ఏడాదికోసారి ప్రభుత్వ పరీక్ష రాయించనక్కర్లేదు. అంత స్వేచ్ఛ ఇచ్చేసరికి మొదటి ఏడాది నాకు నిద్ర పట్టేది కాదు. తప్పు జరిగితే నన్ను తప్ప ఇంకెవర్నీ అనడానికి లేదు కదా.

బడి మాన్పించడానికి కారణం చదువులో వెనకబడటం కాదు. రెండో తరగతిలో వాడు మాట్లాడటం తగ్గించేశాడు. సాయంత్రం వచ్చాక ఏం జరిగిందంటే "ఏం లేదు", ఎవరితో ఆడావంటే "తెలీదు". మార్కులు బాగానే వచ్చేవి. మాటే రాలేదు. మా చర్చిలో ఒకావిడ అప్పటికే తన ముగ్గురు పిల్లల్నీ ఇంట్లో చదివిస్తున్నారు. ఆమె ద్వారా క్రైస్తవ కుటుంబాల కో-ఆప్‌లో చేరాం. సోమవారం నుంచి గురువారం దాకా ఎవరిళ్ళలో వాళ్ళు, శుక్రవారం పొద్దున చర్చి హాల్లో అందరూ. ఈ నెల అందరం రూతు చదువుతున్నాం, వారానికో అధ్యాయం. లెక్కలు, సైన్సు, మ్యాపులు వీలైనంతవరకు దాని చుట్టూనే తిరుగుతాయి.

మేం పాటించేది షార్లెట్ మేసన్ పద్ధతి. ఆమె 1842లో పుట్టి 1923లో చనిపోయిన ఇంగ్లండు టీచరమ్మ. పాఠాలు చిన్నవిగా ఉండాలి, పిల్లలు రోజూ కాసేపు చెట్టూ పుట్టా చూడాలి, మంచి పుస్తకం ఒక్కసారే శ్రద్ధగా చదివి, వెంటనే పుస్తకం మూసి, విన్నది సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. ప్రశ్నలూ జవాబులూ ఉండవు. ఈ తిరిగి చెప్పడమే ఆ పద్ధతికి గుండెకాయ. మావాడికి అన్నిటికంటే కష్టమైనదీ అదే. మొదటి ఏడాది ఏ కథ చదివినా రెండు వాక్యాల్లో తేల్చేసేవాడు. ఆ సోమవారం కూడా అంతే. "రూత్ వెంట్ టు ఎ ఫీల్డ్. బోయజ్ వాజ్ నైస్ టు హర్. దట్సిట్."

మంగళవారం పాఠం నేను చెప్పలేదు. ప్రార్థన అయ్యాక అత్తయ్యని బల్ల దగ్గరికి పిలిచి, "పరిగె ఎలా ఏరేవాళ్ళో పిల్లలకి చెప్పండి అత్తయ్యా" అన్నాను. "అదేం పెద్ద విద్యమ్మా" అన్నారు కానీ, చీర కొంగు దోపుకుని కూర్చున్నారు.

వాళ్ళది బాపట్ల దగ్గర పల్లె. అమ్మానాన్నలిద్దరూ కూలికి వెళ్ళేవాళ్ళు. క్రిస్మస్‌కి ముందూ వెనకా వరికోతలు. కోతగాళ్ళు కోసుకుంటూ పోతూ పనలు వేస్తారు. అవి ఆరాక కట్టలు కట్టి కుప్ప వేస్తారు. పనలు ఎత్తేదాకా పిల్లలు గట్టు మీదే ఉండాలి, చేలోకి దిగకూడదు. ఎత్తగానే పరుగు. ఎందుకంటే వెనకాలే బాతుల మందని తోలుకొచ్చేవాళ్ళుంటారు, మాసూళ్ళయిన చేలల్లో మేపడానికి. "మాకంటే ముందు బాతులు దిగాయా, ఇక ఆ చేలో గింజ ఉండదు నాన్నా." చిన్నిదానికి ఇది చాలా నచ్చింది. బాతులతో పందెం అనుకుంది. పెద్దాడు మాత్రం నవ్వలేదు.

"మా తమ్ముళ్ళు ఎలుక బొరియలు తవ్వేవాళ్ళు. ఎలుకలు కంకులు కొరికి లోపల దాచుకుంటాయి. ఒక్కోసారి మేం పొద్దంతా ఏరిన దానికంటే ఒక్క బొరియలోనే ఎక్కువ దొరికేది."

తర్వాత ఆవిడ చేసిన పని నేను ఊహించలేదు. మోకాళ్ళ నొప్పులని మెట్లు కూడా ఎక్కని మనిషి, లేచి హాల్లో కార్పెట్ మీదికి వెళ్ళి, చిన్నిదాని రంగు పెన్సిళ్ళ డబ్బా తీసుకుని అంతా చల్లేశారు. నడుం వంచారు. కుడిచేత్తో ఒక్కో పెన్సిల్ తీసి ఎడమచేతి పిడికిట్లో ఒకే వైపుకి మొనలు వచ్చేలా పెట్టుకుంటూ, చిన్న చిన్న అడుగులు పక్కకి వేసుకుంటూ పోయారు. ఆ చేతులు ఎంత తొందరగా కదిలాయో చెప్పలేను. అరవై ఏళ్ళు దాటిన ఆ వేళ్ళకి ఆ పని ఇంకా గుర్తుంది. "కంకిని మెడ దగ్గర పట్టుకోవాలి, తల పట్టుకుంటే గింజ రాలిపోద్ది. పిడికిలి నిండితే గడ్డిపోచతో కట్టి ఒళ్ళో వేసుకోవాలి. నడుం ఎత్తకూడదు. ఎత్తితే మళ్ళీ వంచడం కష్టం." పిల్లలిద్దరూ ఆవిడ వెనకే వంగారు. కోసిన కొయ్యకాళ్ళు కాళ్ళకి గుచ్చుకునేవని చెప్పగానే చిన్నిది సాక్సులు విప్పేసి, ఒట్టి కాళ్ళతో మళ్ళీ మొదటినుంచి ఏరింది.

"నాయనమ్మా, మీరు పూర్ పీపులా?" అన్నాడు పెద్దాడు.

నాకు గుండె ఆగినంత పనైంది. అత్తయ్య మాత్రం మామూలుగానే చెప్పారు. "అవును నాన్నా. ఆకలేసేది. పరిగె వడ్లు దంచుకుంటే నాలుగు రోజులు అన్నం తినేవాళ్ళం. క్రిస్మస్‌కి అరిసెలు కూడా ఆ వడ్లతోనే."

"నిన్ను ఎవరైనా తిట్టారా?"

"తిట్టేవాళ్ళు తిట్టారు. ఒక పాలేరు మట్టిగడ్డలు విసిరేవాడు. ఇంకో పొలంలో ఒక పెద్దావిడ ఉండేది. కోతగాళ్ళతో, 'ఆ మూల కాస్త చూసీ చూడనట్టు వదలండర్రా, పిల్లలు గట్టు మీద నిలబడ్డారు' అనేది. ఆవిడ చేలో కోతంటే మేం అన్నం తినకుండా పరిగెత్తేవాళ్ళం."

పెద్దాడు ఏమీ అనకుండా బల్ల దగ్గరికి వెళ్ళి బైబిల్ తిరగేశాడు. వాడు వెతుకుతున్నదేంటో నాకు కాసేపటికి అర్థమైంది. రెండో అధ్యాయం పదహారో వచనం. ఆమె కోసం కావాలనే పిడికెళ్ళు పడేసి వదలండి, ఆమెని గద్దించొద్దు అని బోయజు తన పనివాళ్ళకి చెప్పే చోటు. అది వేలితో చూపించి, "సేమ్ నాయనమ్మా" అన్నాడు.

లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయం నేను బుధవారానికి పెట్టుకున్నాను, దాన్ని అప్పుడే చదివేశాం. పొలం ఓరలు పూర్తిగా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదవాళ్ళకీ పరదేశులకీ వదలండి అన్న ఆజ్ఞ. రూతు ఆ రెండూను. బీదరాలు, మోయాబు నుంచి వచ్చిన పరదేశి. అత్తయ్య విని కాసేపు ఊరుకుని, "మా ఊళ్ళో ఈ ధర్మశాస్త్రం ఎవరికీ తెలీదు. తెలిసినట్టు నడుచుకున్నవాళ్ళు మాత్రం కొందరున్నారు" అన్నారు. ఆ మాట నా డైరీలో రాసుకున్నాను.

ఆ వారం మా వర్క్‌బుక్‌లో నాలుగు పేజీలు ఖాళీగా మిగిలాయి. గ్లీన్ అన్న మాటకి అర్థం రాసి వాక్యంలో వాడమనే పేజీ వాటిలో ఒకటి. దాన్ని నింపించాలని నాకు అనిపించలేదు. ఒకప్పుడైతే టెన్షన్ పడి శనివారం కూర్చోబెట్టి రాయించేదాన్ని. బైబిల్ పాఠం పేరుతో మనం పిల్లలకి ఇచ్చే రంగులేసే కాగితాలు, ఖాళీలు పూరించే కాగితాలు చాలా ఎక్కువయ్యాయని నా గట్టి అభిప్రాయం. కంఠతా పట్టించడాన్ని నేనేమీ తక్కువ చేయను. స్టీలు గిన్నె ఎప్పుడో సొట్టపోయింది కానీ ఆ వచనం పోలేదు. నా దిగులల్లా, ఆ వచనంలో మనిషి ఉందని నాకు ఇన్నేళ్ళు ఎవరూ చూపించలేదని.

బుధవారం లెక్కలు. ఇంగ్లీషు బైబిల్లో రూతు సాయంత్రానికి కంకులు దుళ్ళగొడితే ఒక ఏఫా యవలు, అంటే బార్లీ, వచ్చాయని ఉంటుంది. తెలుగు బైబిల్లో "తూమెడు యవలు". ఏఫా అంటే దాదాపు 22 లీటర్లని మా పుస్తకంలో ఉంది. మరి తూము అంటే ఎంత? అత్తయ్య పాట పాడినట్టు చెప్పేశారు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఊరినిబట్టి కుంచం చిన్నదీ పెద్దదీ అవుతుందట, కానీ వరస ఇదే.

పెద్దాడు కాగితం మీద రాసుకుంటూ ఒక్కసారి తలెత్తాడు. "అమ్మా, ఇది గాలనే!" చూస్తే నిజమే. రెండు కప్పులు పింట్, రెండు పింట్లు క్వార్ట్, రెండు క్వార్ట్‌లు అరగాలన్, రెండు అరగాలన్లు గాలన్. కుంచానికి 16 సోలలు, గాలన్‌కి 16 కప్పులు. పరిమాణాలు వేరే, మెట్లు మాత్రం ఒకటే. పిల్లాడు తనంతట తాను పట్టుకున్నాడు. ఆ ఊపులో తూముకి 64 సోలలు, పుట్టికి 1,280 సోలలని లెక్కేసి నాయనమ్మకి చూపించాడు. నాలుగు నెలలుగా గాలన్, క్వార్ట్ కలిపేసుకుని ఏడుస్తున్న పిల్లాడు. నేను ఎన్ని చార్టులు గోడకి అంటించానో!

తర్వాత పెరట్లో ఖాళీ పాల గాలన్ డబ్బాలు వరసగా పెట్టి నీళ్ళు పోశాం. ఒక గాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు. 22 లీటర్లకి ఐదు నిండి, ఆరోది మూతికి కొంచెం తక్కువగా ఆగింది. యవలు నీళ్ళకంటే తేలిక కాబట్టి బరువు 13 కిలోల పైచిలుకు ఉంటుందని లెక్కేశాం. బియ్యం సంచి భుజాన పెట్టుకుని పెద్దాడు పెరడంతా ఒక చుట్టు తిరిగొచ్చాడు.

అత్తయ్య ఆ ఆరు డబ్బాలవంకే చూస్తున్నారు. "ఒక్కరోజులో ఇంతా? ఒక్క మనిషా?" అన్నారు. అవునన్నాను. "జరగదమ్మా. మేం ముగ్గురం పొద్దుగూకేదాకా ఏరినా కుంచెడు వచ్చేది కాదు. రాలినవి ఏరితే ఇన్ని రావు. ఎవరో వదిలితేనే వస్తాయి." కాసేపాగి, "అందుకే నయోమి చూడగానే, ఈరోజు ఎక్కడ ఏరావే అని అడిగింది. మూట బరువు చూసి పసిగట్టింది. ఆమెకి తెలుసు, పరిగె అంటే ఎంతొస్తదో" అన్నారు.

ఈ గ్రంథం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. రూతు విధేయత గురించి, బోయజు రక్షణ గురించి, వంశావళి గురించి. నయోమి ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో మాత్రం ఎవరూ చెప్పగా వినలేదు. చెప్పాలంటే ఎప్పుడో ఒకప్పుడు మూట కట్టుకుని ఇంటికొచ్చి ఉండాలి. గోధుమ రంగు గట్టి అట్టల బైబిల్ నాకు పెళ్ళిలో ఇచ్చింది అత్తయ్యే. దాని మార్జిన్‌లో ఆ వచనం పక్కన ఆవిడ మాట రాసి, తేదీ వేశాను.

మ్యాపుల సంగతి క్లుప్తంగా. రెండు కప్పుల పిండి, ఒక కప్పు ఉప్పు, నీళ్ళు కలిపి అట్ట మీద మోయాబు కొండలు, బేత్లెహేము కొండలు, మధ్యలో మృత సముద్రం చేశాం. మృత సముద్రం ఒడ్డు సముద్రమట్టానికి 430 మీటర్లకి పైగా కిందన ఉంటే, బేత్లెహేము 770 మీటర్ల పైన ఉంది. అంటే ఆ లోయలోంచి ఊరు చేరాలంటే 1,200 మీటర్ల పైచిలుకు ఎక్కుడు, ఇద్దరు ఆడవాళ్ళు, కాలినడకన. ఆకాశం తేటగా ఉన్న రోజు బేత్లెహేము వైపు కొండలమీద నిలబడితే మోయాబు కొండలు కనిపిస్తాయి. కరువొచ్చినప్పుడు నయోమి భర్త ఎలీమెలెకు కుటుంబం కళ్ళకి కనిపించే చోటికే వెళ్ళింది, తిరిగొచ్చాక నయోమికి భర్తనీ ఇద్దరు కొడుకుల్నీ పాతిపెట్టిన కొండలు రోజూ కనిపించి ఉంటాయి. చిన్నిది మోయాబు కొండ మీద టూత్‌పిక్కులతో మూడు సిలువలు పెట్టింది. అప్పటికింకా సిలువలు లేవని నేను చెప్పలేదు.

గురువారం పొద్దున బార్లీ గింజల పేపర్ టవల్ విప్పాం. ఒక్కటీ మొలకెత్తలేదు. ఉబ్బి, జిగురుగా, కొంచెం పులిసిన వాసన. పక్కనే అదే రోజు కట్టిన పెసలు తోకలు బారెడు సాగి ఉన్నాయి. చిన్నిది ఏడుపు మొహం పెట్టింది. తన నోట్‌బుక్‌లో సోమవారమే పచ్చటి మొలక బొమ్మ వేసి పెట్టుకుంది పాపం. తప్పు నాదే. ఇండియన్ స్టోర్లో బార్లీ నీళ్ళకి వాడే తెల్ల బార్లీ కొన్నాను. అత్తయ్య ఒక గింజ గోటితో తిప్పి చూసి, "దీనికి ముక్కు లేదమ్మా, అరగదీసేశారు" అన్నారు. భూతద్దం పెట్టి చూశాం. పెసర గింజ చీల్చితే లోపల ముడుచుకుని ఉన్న పిల్ల మొక్క కనిపించింది. బార్లీ గింజ కొసన మొలక ఉండాల్సిన చోట ఒట్టి నున్నటి చారిక. పాలిష్ పట్టేటప్పుడు పైపొట్టుతోపాటు మొలకా పోయింది. బియ్యం మొలకెత్తకపోవడానికీ, వడ్లు మొలకెత్తడానికీ అదే తేడా. ఆ బొమ్మ కొట్టేయొద్దని చెప్పాను. దాని కిందే చిన్నిది "ముక్కు లేదు" అని తెలుగులో రాసింది. ఇంట్లో ఒక్క తెలుగు వాక్యం రాయించడానికి ఎన్ని వారాలు పడుతుందో నాలాంటి అమ్మలకి తెలుస్తుంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక కారెక్కాం. ప్రెస్టన్ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి వెళ్తే సెలైనా దాటాక గంటర్ అని చిన్న ఊరు వస్తుంది. ఇంగ్లీషులో రాస్తే మా గుంటూరుకీ దానికీ ఒక్క అక్షరమే తేడా. బోర్డు దగ్గర కారాపి అత్తయ్యని నిలబెట్టి ఫొటో తీశాం. ఊళ్ళో చెల్లెలికి పంపించాలని ఆవిడ ముచ్చట. అటువైపు గోధుమ చేలు ఉంటాయి, మే చివర, జూన్‌లో కోస్తారు. ఏప్రిల్‌లో ఇంకా పచ్చగానే ఉన్నాయి.

చేలకి కంచె ఉంది కాబట్టి లోపలికి వెళ్ళలేదు. రోడ్డు పక్క కాలవ గట్టున గాలికి పడి మొలిచిన గోధుమ దుబ్బు ఒకటి కనిపించింది. అత్తయ్య వంగి ఒక కంకి తుంచి, ఒక గింజ తీసి బొటనవేలి గోటితో నొక్కారు. తెల్లటి చుక్క బయటికొచ్చింది. "చూశావా, పాలు పోసుకుంటోంది." పెద్దాడు ఆ చుక్కని వేలితో తీసుకుని నాలిక మీద పెట్టుకున్నాడు. తియ్యగా ఉందన్నాడు. అత్తయ్య కంచె అవతలికి చాలాసేపు చూసి, "ఇంత చేనుకి ఒక్క మనిషీ కనపడడేంటమ్మా" అన్నారు. కోసేది, నూర్చేది, తూర్పారబట్టేది అంతా ఒకే మిషనని చెప్పాను. "మరి మిగిలినవి ఎవరేరుకుంటారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మా చర్చి నెలకోసారి చేసే సరుకుల పంపిణీ గురించి చెప్పాను. ఆవిడ విన్నారు, కానీ ఆవిడ అడిగింది అది కాదు.

ఆ వారమంతా మావారు ఆఫీసు పనిమీద చికాగోలో ఉన్నారు. గురువారం అర్ధరాత్రి వచ్చి, శుక్రవారం సెలవు పెట్టి మాతో కో-ఆప్‌కి వచ్చారు. ప్రతి శుక్రవారం చివర్లో ఇద్దరు పిల్లలు ముందుకొచ్చి ఆ వారం చదివింది తిరిగి చెబుతారు. మూడేళ్ళలో మావాడు ఎప్పుడూ చెయ్యెత్తలేదు, నేను బలవంతపెట్టలేదు. ఆరోజు ఎత్తాడు.

ఇంగ్లీషులోనే చెప్పాడు. మధ్యమధ్యలో పరిగె అన్న మాటని మాత్రం అలాగే ఉంచి, అదేంటో వివరించాడు. కొయ్యకాళ్ళ గురించి చెప్పాడు. పనలు ఎత్తేదాకా గట్టు మీద ఎందుకు ఆగాలో, బాతులకంటే ముందు ఎందుకు పరిగెత్తాలో, కంకిని మెడ దగ్గర ఎందుకు పట్టుకోవాలో చెప్పాడు. ఆరు గాలన్ డబ్బాల లెక్క చెప్పి, అన్ని గింజలు రాలినవి కావు, ఎవరో కావాలని వదిలినవి, నయోమికి ఆ సంగతి చూడగానే తెలిసిపోయింది అన్నాడు. చివర్లో, "మా నాయనమ్మ కూడా గ్లీనరే. ఆమె అక్కడ కూర్చున్నారు" అని వెనక వరసలోకి చెయ్యి చూపించాడు. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. హాలంతా తనవైపు తిరిగి చూసేసరికి కొంగు సర్దుకుని లేచి నిలబడ్డారు.

నేను వాణ్ని చూడాలో, ఆవిణ్ని చూడాలో తేల్చుకోలేకపోయాను. పక్కన మావారు మాత్రం తల దించుకుని తన చేతులు చూసుకుంటున్నారు. ఆయనకి ఈ సంగతి తెలియడం అదే మొదటిసారి, అదీ కొడుకు నోట.

తిరిగొచ్చేటప్పుడు కారులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయనే అడిగారు. "నాకెప్పుడూ చెప్పలేదేమ్మా?"

"నీకు ఇంజనీరింగ్ సీటొచ్చినప్పుడు మీ నాన్న అన్నారు, ఇక ఆ రోజుల మాట వాడి దగ్గర ఎత్తొద్దు, వాడు తలెత్తుకుని తిరగాలని. ఎత్తలేదురా" అన్నారు అత్తయ్య.

ఆయన సరే అన్నట్టు తలూపారు. అచ్చం కొడుకు ఊపినట్టే. మా ఇంటి మలుపు దాటిపోయి రెండు సిగ్నళ్ళు వెళ్ళాక గానీ చూసుకోలేదు. నేనూ చెప్పలేదు.

వచ్చే వారం మూడో అధ్యాయం, కళ్ళంలో యవలు తూర్పారబట్టే రాత్రి. శనివారం అత్తయ్య ముందుగానే సాధన పెట్టారు. ఇండియన్ స్టోర్లో చేట దొరకలేదు, వెడల్పాటి స్టీలు పళ్ళెం తీసుకున్నారు. పల్లీలు వేయించి, చల్లారాక చేత్తో నలిపి, పెరట్లోకి తెచ్చారు. ఇక్కడ ఏప్రిల్లో గాలికి కొదవలేదు. మావారు తాను చేస్తానని పళ్ళెం అందుకుని ఎదురుగాలికి నిలబడి ఎగరేస్తే పొట్టంతా మొహాన పడింది. "గాలికి ఎదురు కాదురా, పక్కకి నిలబడు. ఎత్తు నుంచి నెమ్మదిగా వదులు" అని ఆయన మోచేయి పట్టుకుని తిప్పారు అత్తయ్య. రెండోసారి ఎర్రటి పొట్టు ఒక తెరలా లేచి పక్కింటి గడ్డి మీదికి పోయింది. పప్పులు కింద పెట్టిన గిన్నెలో టపటపా పడ్డాయి.

కొన్ని గిన్నె అంచుకి తగిలి గడ్డిలోకి దొర్లాయి. చిన్నిది సాక్సులు విప్పేసి వంగి, ఒక్కొక్కటీ ఏరి ఎడమచేతి పిడికిట్లో పెట్టుకుంటోంది. పిడికిలి నిండాక తలెత్తి, "నాయనమ్మా, ఇవి కావాలనే వదిలావా?" అంది.

అత్తయ్య జవాబు చెప్పలేదు. పళ్ళెం కొడుకు చేతిలోంచి తీసుకుని ఇంకోసారి ఎత్తి వదిలారు. ఈసారి ఇంకో నాలుగు గడ్డిలో పడ్డాయి.